పాత టయోటా పికప్‌లో ఐడిల్ వేగం దిగకపోతే కారణాన్ని వరుసగా కనిపెట్టడం ఎలా?

అమెరికాలో 1985 నుంచి 1995 వరకు అమ్మిన టయోటా పికప్‌లలో 22ఆర్‌ఈ అనే నాలుగు సిలిండర్ల 2.4 లీటర్ల పెట్రోలు ఇంజిన్ ఉన్న బళ్ళు ఇప్పటికీ చాలా తిరుగుతున్నాయి. అక్కడ స్థిరపడిన తెలుగువారిలో కూడా తోటపనికో, సామాను తరలించడానికో ఇలాంటి పాత బండిని కొని, సెలవు రోజుల్లో తామే బాగుచేసుకునేవారు ఉన్నారు. ఈ బళ్ళలో తరచుగా వచ్చే ఫిర్యాదు ఒకటే. ఇంజిన్ పూర్తిగా వేడెక్కిన తర్వాత కూడా, యాక్సిలరేటర్ మీద కాలు లేకపోయినా, రేసు పెట్టినట్టు 1,200 లేదా 1,500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గరే తిరుగుతూ ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే ఈ వేగాన్నే ఐడిల్ అంటారు. మాన్యువల్ గేర్ బండిలో ఇది దాదాపు 750 ఉండాలి, ఆటోమేటిక్‌లో కొంచెం ఎక్కువ ఉంటుంది. మీ బండికి కచ్చితంగా ఎంత ఉండాలో బానెట్ కింద అతికించిన ఉద్గారాల లేబుల్ మీద ముద్రించి ఉంటుంది కాబట్టి, ఇతరుల మాట కంటే ఆ అంకెనే ప్రమాణంగా తీసుకోండి.

ఈ లోపాన్ని ఉపేక్షించకూడదు. పెట్రోలు వృథా కావడం ఒక ఎత్తయితే, ఆటోమేటిక్ బండి సిగ్నల్ దగ్గర బ్రేకును తోసుకుంటూ ముందుకు కదలడం మరొక ఎత్తు. అన్నిటికంటే ముఖ్యంగా, ఈ ఇంజిన్‌లో ఐడిల్ పెరగడం అనేది కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గిందనడానికి తొలి సూచన కావచ్చు.

గాలి ఎక్కడి నుంచి వస్తోంది?

పెట్రోలు ఇంజిన్‌లోకి అదనపు గాలి వెళ్ళనిదే ఐడిల్ ఇంతగా పెరగదు. టైమింగ్ (సిలిండర్లో స్పార్కు పడే క్షణం) ముందుకు జరిగినా కొంత పెరుగుతుంది గాని, ఎక్కువ సందర్భాలలో నేరం గాలిదే. 22ఆర్‌ఈలో ఇంజిన్‌లోకి వచ్చే గాలిని ఎయిర్ ఫ్లో మీటర్‌లోని రేకు తలుపు కొలుస్తుంది, ఆ కొలతను బట్టి కంప్యూటర్ పెట్రోలు పంపుతుంది. ఇటీవలి బళ్ళలో ఉన్నట్టు ఐడిల్ గాలిని ఎప్పటికప్పుడు సరిదిద్దే మోటారు ఇందులో లేదు. థ్రాటిల్ (యాక్సిలరేటర్ తొక్కితే గాలి దారిని తెరిచే రేకు) మూసుకున్నప్పుడు గాలి వెళ్ళడానికి ఉన్న మార్గాలు దాదాపు అన్నీ యాంత్రికమైనవి, అంటే కంటితో చూసి, చేతితో మూసి పరీక్షించగలిగినవి. అందువల్ల కంప్యూటర్‌ను, సెన్సర్లను అనుమానించి విడిభాగాలు కొనడం చివరి పని కావాలి. ఈ బళ్ళు లోపాలను స్కానర్‌తో చదవడానికి అమెరికాలో 1996లో తప్పనిసరి అయిన ఓబీడీ-2 పద్ధతికి ముందువి కాబట్టి, ఇప్పటి స్కానర్ వీటికి తగిలించే వీలు కూడా లేదు.

ఇక్కడ ఒక తేడాను మొదటే గమనిస్తే సగం వెతుకులాట తగ్గుతుంది. ఇంజిన్ వేగం ఎక్కువగా ఉన్నా నున్నగా, ఒకే తీరుగా తిరుగుతుంటే, ఆ గాలి చాలావరకు ఎయిర్ ఫ్లో మీటర్ గుండానే వచ్చి, కొలతకు అంది, తగినంత పెట్రోలుతో కలిసి వెళుతోందని అర్థం. అప్పుడు థ్రాటిల్ సరిగా మూసుకోకపోవడాన్ని, చల్లటి ఇంజిన్ కోసం ఉన్న గాలి వాల్వును, పవర్ స్టీరింగ్, ఏసీల కోసం ఐడిల్ పెంచే ఏర్పాట్లను అనుమానించాలి. ఇంజిన్ వణుకుతూ, తడబడుతూ ఉంటే కొలతకు అందని గాలి ఏదో చిరిగిన గొట్టం నుంచో, గ్యాస్కెట్ నుంచో దూరుతోందని అర్థం. మూడో రకం కూడా ఉంది: వేగం 1,000కీ 1,800కీ మధ్య ఊయల ఊగినట్టు లేస్తూ పడుతూ ఉంటుంది. థ్రాటిల్ మూసి ఉందని సెన్సర్ చెబుతుండగా వేగం ఎక్కువగా ఉంటే, బండి పల్లంలో దిగుతోందనుకొని కంప్యూటర్ పెట్రోలు ఆపేస్తుంది, వేగం పడగానే మళ్ళీ ఇస్తుంది. ఆ ఊగుడు కంప్యూటర్ లోపం కాదు, అదనపు గాలికి అది చూపే ప్రతిస్పందన.

పని మొదలుపెట్టే ముందు

బండిని బయట, సమతలమైన చోట నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు అడ్డు పెట్టి, మాన్యువల్ అయితే న్యూట్రల్‌లో, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో ఉంచండి. తలుపు మూసిన గరాజులో ఇంజిన్ నడపడం ప్రాణాంతకం. ఫ్యాను, బెల్టులు తిరుగుతుంటాయి కాబట్టి వదులు చొక్కా చేతులు, మెడలో గొలుసులు ఉండకూడదు.

తక్కువ ధర పికప్‌లలో డాష్‌బోర్డు మీద ఆర్‌పీఎం మీటరు ఉండదు. అలాంటప్పుడు విడిగా ఒక టాకోమీటరు తెచ్చుకొని, బానెట్ కింద పరీక్షల కోసం ఉన్న డయాగ్నోసిస్ పెట్టెలోని ఐజీ మైనస్ అనే కొనకు తగిలించుకోవాలి. ఆ కొన బాడీకి తగిలితే స్పార్కును నియంత్రించే ఇగ్నైటర్ పాడయ్యే ప్రమాదం ఉంది, జాగ్రత్త. చెవితో విని అంచనా వేయడం సరిపోదు, ప్రతి పరీక్షకు ముందూ తర్వాతా అంకె రాసుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక: స్క్రూలను ఇప్పుడే తిప్పవద్దు. థ్రాటిల్ బాడీ పైన ఉన్న ఐడిల్ స్క్రూ తిప్పితే వేగం తాత్కాలికంగా తగ్గవచ్చు గాని, అసలు కారణం అలాగే ఉండి, లక్షణం మాత్రమే కప్పబడిపోతుంది. థ్రాటిల్ లీవరు ఆనుకునే స్టాప్ స్క్రూనైతే అసలు ముట్టుకోకూడదు. అది కర్మాగారంలో అమర్చినది.

మొదటి అడుగు: కూలెంట్

చల్లటి ఇంజిన్‌తో మొదలుపెట్టండి. రేడియేటర్ మూత విప్పి లోపలికి చూడండి. పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలో కూలెంట్ కనిపించినంత మాత్రాన సరిపోదు, మూత పాతదైతే డబ్బా నిండుగా ఉండి రేడియేటర్ వెలితిగా ఉండవచ్చు. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ఈ మూత విప్పితే మరిగే నీరు ముఖాన చిమ్ముతుంది కాబట్టి తొందరపడకండి.

కూలెంట్‌కూ ఐడిల్‌కూ సంబంధం ఏమిటంటే, థ్రాటిల్ బాడీ అడుగున మైనంతో పనిచేసే ఒక గాలి వాల్వు ఉంటుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు అది తెరుచుకొని, థ్రాటిల్‌ను తప్పించుకొని వెళ్ళే అదనపు గాలిని ఇస్తుంది, అందుకే ఉదయం స్టార్ట్ చేయగానే వేగం ఎక్కువగా ఉంటుంది. రెండు సన్నటి రబ్బరు గొట్టాల గుండా వేడి కూలెంట్ ఆ వాల్వు చుట్టూ తిరిగితే మైనం వ్యాకోచించి, వాల్వు నెమ్మదిగా మూసుకొని, వేగం దిగుతుంది. థ్రాటిల్ బాడీ ఇంజిన్‌లో ఎత్తైన చోట ఉండటం వల్ల కూలెంట్ కాస్త తగ్గినా, గాలి బుడగ చిక్కుకున్నా ముందుగా వేడి అందనిది ఈ వాల్వుకే. ఉష్ణోగ్రత ముల్లు మామూలుగా కనిపిస్తున్నా ఇది జరగవచ్చు.

కాబట్టి రేడియేటర్ వెలితిగా ఉంటే ఇథిలీన్ గ్లైకాల్ కూలెంట్, శుద్ధ జలం సమపాళ్ళలో కలిపి నింపండి. బండి ముందు భాగం ఎత్తుగా ఉండేలా వాలు మీద నిలిపి, మూత తీసి, హీటర్‌ను పూర్తి వేడి మీద ఉంచి ఇంజిన్ నడిపితే బుడగలు పైకి వస్తాయి. బుడగలు ఆగేదాకా కొద్దికొద్దిగా పోస్తూ ఉండి, తర్వాత మూత బిగించండి. ఇంజిన్ వేడెక్కిన తర్వాత థ్రాటిల్ బాడీకి వెళ్ళే ఆ రెండు సన్నటి గొట్టాలను వేలితో తాకి చూడండి. రెండూ వేడిగా ఉండాలి. ఒకటి వేడిగా, రెండోది చల్లగా ఉంటే దారిలో ఎక్కడో తుప్పు, మడ్డి పేరుకొని ఉంది.

కూలెంట్ తగ్గిందని తేలితే అది ఎటు పోయిందో కనిపెట్టకుండా తర్వాతి అడుగు వేయకండి. బయట కారుతున్న జాడ లేకపోతే ఆయిల్ డిప్‌స్టిక్ తీసి చూడాలి, ఆయిల్ ఫిల్లర్ మూత లోపలి వైపు కూడా చూడాలి. 22ఆర్‌ఈలో టైమింగ్ చెయిన్‌ను ఆనుకొని ఉండే ప్లాస్టిక్ గైడ్లు కాలక్రమంలో విరిగిపోతాయి. గైడ్ విరిగిన తర్వాత చెయిన్ ముందు కవరును రాచుకుంటూ రాచుకుంటూ చివరకు నీటి మార్గంలోకి రంధ్రం చేస్తుంది, అప్పుడు కూలెంట్ నేరుగా ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులోకి మారి, మూత కింద నురగలా పేరుకొని ఉంటే ఇంజిన్‌ను మళ్ళీ స్టార్ట్ చేయకండి. ఉదయం స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లో ముందు భాగం నుంచి గలగలమనే చప్పుడు వస్తుంటే ఈ అనుమానం మరింత బలపడుతుంది. హెడ్ గ్యాస్కెట్ పోవడం రెండో అవకాశం. ఈ స్థితిలో ఐడిల్ సంగతి పక్కన పెట్టి అసలు మరమ్మతు చేయించాల్సిందే.

ఇంజిన్ వేడిని బట్టి కూలెంట్ దారిని తెరిచి మూసే థర్మోస్టాట్ తెరుచుకొని ఇరుక్కుపోయినా, ఎవరైనా దాన్ని తీసేసినా ఇంజిన్ పూర్తి వేడికి రాదు, వాల్వు పూర్తిగా మూసుకోదు. ముల్లు ఎప్పుడూ అడుగునే ఉంటూ, చలికాలంలో హీటర్ గోరువెచ్చటి గాలే ఇస్తుంటే థర్మోస్టాట్ మార్చండి.

రెండో అడుగు: కేబుల్, థ్రాటిల్

ఇంజిన్ ఆపి, థ్రాటిల్ బాడీ దగ్గర యాక్సిలరేటర్ కేబుల్‌ను వేలితో కదపండి. కొంచెం వదులు ఉండాలి. తీగ బిగుసుకొని ఉంటే లీవరును అది కొద్దిగా లాగి పట్టుకుంటుంది. ఆటోమేటిక్ బండిలో గేర్ బాక్సుకు వెళ్ళే రెండో కేబుల్ కూడా అక్కడే ఉంటుంది, దాన్నీ చూడండి. తర్వాత లీవరును చేతితో పూర్తిగా తెరిచి వదిలితే టక్కున స్టాప్ స్క్రూ మీద కూర్చోవాలి. నెమ్మదిగా, జిగురుగా వస్తే స్ప్రింగు బలహీనమైనట్టు, లేదా లోపల మసి పేరుకున్నట్టు. కొన్ని బళ్ళలో థ్రాటిల్ ఒక్కసారిగా మూసుకోకుండా ఆపే డాష్‌పాట్ అనే చిన్న డబ్బా ఉంటుంది. దాని కడ్డీ చివరి వరకు వెనక్కి వెళ్ళకపోతే లీవరు గాలిలోనే నిలుస్తుంది.

మసి ఉంటే ఇంజిన్ ఆగి ఉండగా గాలి గొట్టం విప్పి, థ్రాటిల్ బాడీ క్లీనర్‌తో తడిపిన గుడ్డతో రేకు అంచులను, దాని వెనక వైపును తుడవండి. కత్తితో, ఇసుక కాగితంతో గీకకూడదు. ఇక్కడ తెలియనివారు తరచుగా తికమక పడే విషయం ఒకటి ఉంది: ఈ గాలి గొట్టం ఊడదీసి ఇంజిన్ నడపాలని చూస్తే ఆగిపోతుంది. ఎయిర్ ఫ్లో మీటర్ తలుపు గాలికి తెరుచుకుంటేనే పెట్రోలు పంపుకు కరెంటు వెళ్ళేలా దాన్ని అమర్చారు. కనుక వేరే ఇంజిన్లలో చేసినట్టు థ్రాటిల్ నోటిలోని రంధ్రాన్ని వేలితో మూసి చూసే పరీక్ష ఇక్కడ అంత సులువుగా కుదరదు.

మూడో అడుగు: గొట్టాలను ఒక్కొక్కటిగా నొక్కడం

పూర్తిగా వేడెక్కిన ఇంజిన్‌ను నడుస్తూ ఉండనిచ్చి, ప్లయర్ దవడలకు మందపాటి గుడ్డ చుట్టి, ఇన్‌టేక్‌కు (ఇంజిన్‌లోకి గాలి వెళ్ళే మార్గానికి) చేరే ఒక్కో రబ్బరు గొట్టాన్ని మెల్లగా నొక్కి, టాకోమీటరు చూడండి. ఏ గొట్టం నొక్కినప్పుడు వేగం స్పష్టంగా పడిపోతుందో అదనపు గాలి దాని గుండానే వస్తోంది. ముప్పై ఏళ్ళు దాటిన రబ్బరు పెళుసుబారి ఉంటుంది, గట్టిగా నొక్కితే అక్కడికక్కడే చిట్లుతుంది. నొక్కక ముందే పగుళ్ళు కనిపించిన గొట్టాన్ని నేరుగా మార్చేయడమే మంచిది.

ముందుగా పవర్ స్టీరింగ్ పంపు దగ్గరకు వెళ్ళండి. పంపు మీద ఒక చిన్న గాలి వాల్వు, దాని నుంచి రెండు సన్నటి గొట్టాలు ఉంటాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ఇంజిన్ ఆగిపోకుండా కాస్త గాలి ఇవ్వడం దాని పని. అది లోపల అరిగిపోతే స్టీరింగ్ తిప్పకపోయినా గాలి వదులుతూనే ఉంటుంది. గొట్టాన్ని ఊడదీసి లోపల చూడండి. స్టీరింగ్ ఆయిల్ తడి కనిపిస్తే వాల్వు పోయిందని నిర్ధారించుకోవచ్చు, పొగ గొట్టం నుంచి అప్పుడప్పుడు తెల్లటి పొగ రావడానికి, స్టీరింగ్ ఆయిల్ ఊరికే తగ్గడానికి కూడా అదే కారణం. ఈ భాగాన్ని చాలామంది మెకానిక్కులు పట్టించుకోరని నా అభిప్రాయం, అందుకే మొదట చూడమంటున్నాను.

తర్వాత ఏసీ కోసం ఐడిల్ పెంచే విద్యుత్ వాల్వు గొట్టాన్ని, బ్రేకు తొక్కడాన్ని తేలిక చేసే బ్రేక్ బూస్టర్ గొట్టాన్ని నొక్కండి. బూస్టర్ లోపల పొర చిరిగి ఉంటే బ్రేకు పెడల్ తొక్కినప్పుడు ఇంజిన్ వేగం మారుతుంది, పెడల్ దగ్గర బుస్సుమనే శబ్దం వినిపిస్తుంది, బ్రేకు గట్టిగా కూడా అనిపిస్తుంది. అలాంటి బండిని రోడ్డు మీదకు తీసుకెళ్ళకండి. వాల్వ్ కవరుకు అమర్చిన, ఇంజిన్ లోపలి ఆవిరులను తిరిగి గాలి మార్గంలోకి పంపే పీసీవీ వాల్వును బయటకు తీసి ఊపితే లోపల గలగలలాడాలి. అది కూర్చునే రబ్బరు గ్రోమెట్ రాయిలా గట్టిపడి చుట్టూ సందు ఏర్పడటం ఈ బళ్ళలో మామూలే.

ఇదే చోట ఖర్చు లేని మరో పరీక్ష ఉంది. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ ఫిల్లర్ మూత విప్పండి. కొలతకు అందని గాలి ఒక్కసారిగా దూరడం వల్ల ఆరోగ్యంగా ఉన్న 22ఆర్‌ఈ వెంటనే తడబడాలి. మూత తీసినా ఏ మార్పూ లేకపోతే అలాంటి గాలి అప్పటికే ఎక్కడి నుంచో వస్తున్నట్టు, లేదా పీసీవీ మార్గం పూడుకుపోయినట్టు.

ఎయిర్ ఫ్లో మీటర్‌కూ థ్రాటిల్‌కూ మధ్య ఉన్న మడతల రబ్బరు గొట్టాన్ని పైనుంచి చూస్తే చాలదు. ఇంజిన్ ఆపి, దాన్ని విప్పి, చేతుల్లో వంచి చూస్తేనే మడతల లోపలి పగుళ్ళు కనబడతాయి.

గొట్టాలన్నీ బాగుంటే మిగిలేవి ఇన్‌టేక్ గ్యాస్కెట్లు, ఇంజెక్టర్ల కింది రబ్బరు రింగులు. ఆ కీళ్ళ మీద సన్నటి ధారగా నీళ్ళు చల్లి, వేగంలో మార్పు వస్తోందేమో చూడండి. కార్బ్యురేటర్ క్లీనర్ చల్లే పద్ధతి ప్రచారంలో ఉంది గాని, వేడి ఇంజిన్ మీద అది నిప్పుతో చెలగాటమే. దగ్గరలోని వర్క్‌షాపులో పొగ యంత్రం ఉంటే దానితో చూపించుకోవడం అన్నిటికంటే నయం, పొగ ఎక్కడ బయటకు వస్తే లీకు అక్కడే.

తప్పు మైనం వాల్వుదేనని తేల్చుకోవడం

కూలెంట్ నిండుగా ఉండి, రెండు గొట్టాలూ వేడిగా ఉండి, మిగతా దారులన్నీ మూసినా వేగం దిగకపోతే వాల్వునే అనుమానించాలి. ఐడిల్ స్క్రూను ఎన్ని చుట్లు తిరుగుతోందో లెక్కపెట్టుకుంటూ పూర్తిగా లోపలికి తిప్పండి, చివర బిగించవద్దు. వేడెక్కిన ఇంజిన్‌లో అప్పుడు గాలి దారి దాదాపు మూసుకుపోతుంది కాబట్టి వేగం బాగా పడిపోవాలి, లేదా ఇంజిన్ ఆగిపోవాలి. అలా జరగకుండా 1,000కి పైనే తిరుగుతుంటే గాలి ఇంకా వస్తున్నట్టే. పరీక్ష కాగానే స్క్రూను లెక్క ప్రకారం యథాస్థానానికి తెచ్చి, థ్రాటిల్ బాడీని విప్పి బల్ల మీద పెట్టి, ఆ వాల్వు మార్గంలో ఊది చూడండి. చల్లగా ఉన్నప్పుడు గాలి పోవాలి. వాల్వు భాగాన్ని చాలా వేడి నీళ్ళలో కొంతసేపు ఉంచిన తర్వాత పోకూడదు. లోపల తుప్పు, మడ్డి ఉంటే శుభ్రం చేసి కొత్త గ్యాస్కెట్‌తో బిగించండి, అప్పటికీ మూసుకోకపోతే మార్చాలి.

విద్యుత్ పరీక్షలు

యాంత్రికంగా అన్నీ సరిగా ఉన్నాకే ఇక్కడికి రండి. 1989 తర్వాతి బళ్ళలో డయాగ్నోసిస్ పెట్టెలోని టీఈ1, ఈ1 కొనలను చిన్న తీగతో కలిపి, తాళం ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా చూస్తే చెక్ ఇంజిన్ దీపం మిణుకుల రూపంలో అంకెలు చెబుతుంది. 22 వస్తే కూలెంట్ ఉష్ణోగ్రత సెన్సర్, 41 వస్తే థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ మార్గాల్లో లోపం. అంతకు ముందరి బళ్ళలో అంకెల పట్టిక వేరు.

ఉష్ణోగ్రత సెన్సర్ నిరోధం 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 2,000 నుంచి 3,000 ఓముల మధ్య, 80 డిగ్రీల దగ్గర 200 నుంచి 400 ఓముల మధ్య ఉండాలి. వేడిలో కూడా నిరోధం ఎక్కువగా చూపితే ఇంజిన్ చల్లగా ఉందనుకొని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది, నల్లటి పొగ, పెట్రోలు వాసన వస్తాయి. థ్రాటిల్ సెన్సర్‌ను ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే సన్నటి రేకుల పరికరంతో) చూడాలి. స్టాప్ స్క్రూకూ లీవరుకూ మధ్య 0.57 మిల్లీమీటర్ల రేకు పెట్టినప్పుడు ఐడీఎల్, ఈ2 కొనల మధ్య మార్గం కలిసి ఉండాలి, 0.85 పెట్టినప్పుడు తెగిపోవాలి. లేకపోతే సెన్సర్ స్క్రూలు వదులు చేసి జరపండి.

ఈ సెన్సర్ సరిగా లేకుండా టైమింగ్ చూడటం వృథా. థ్రాటిల్ మూసి ఉందని కంప్యూటర్‌కు తెలియకపోతే డయాగ్నోసిస్ పెట్టెలోని టీఈ1, ఈ1 కొనలు కలిపినా టైమింగ్ మూల స్థితికి రాదు. అది సరిచేశాక, వేడి ఇంజిన్‌లో ఆ కొనలు కలిపి, టైమింగ్ లైటుతో చూస్తే పిస్టన్ పై స్థానానికి 5 డిగ్రీల ముందు గుర్తు కనబడాలి. అంతకంటే బాగా ముందుంటే స్పార్కును సిలిండర్లకు పంచే డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పి సరిచేయండి, ఐడిల్ కూడా దానితో పాటు దిగుతుంది.

భారతదేశంలో తిరిగే పాత డీజిల్ పికప్‌లకు ఈ వరుస వర్తించదు. మెకానికల్ పంపు ఉన్న డీజిల్ ఇంజిన్ వేగాన్ని గాలి కాదు, పంపు పంపే డీజిల్ నిర్ణయిస్తుంది. అక్కడ యాక్సిలరేటర్ కేబుల్, పంపు లీవరు స్ప్రింగు, పంపు మీది ఐడిల్ స్క్రూ చూడాలి.

చివరగా స్క్రూ

ఇప్పుడు మాత్రమే ఐడిల్ స్క్రూ ముట్టుకోండి. ఇంజిన్ పూర్తి వేడిలో, ఏసీ, లైట్లు ఆపి, స్టీరింగ్ తిన్నగా ఉంచి, లేబుల్ మీది అంకె వచ్చేదాకా నెమ్మదిగా తిప్పాలి. తర్వాత ఏసీ వేసి, స్టీరింగ్ తిప్పి, ఇంజిన్ ఆగిపోకుండా తట్టుకుంటోందో లేదో చూడండి. బండిని రాత్రంతా వదిలి, మర్నాడు ఉదయం చల్లటి ఇంజిన్‌తో మళ్ళీ కొలవండి. స్టార్ట్ చేయగానే 1,000కి పైన మొదలై, ముల్లు మామూలు స్థానానికి చేరేలోగా క్రమంగా లేబుల్ అంకె దగ్గరకు దిగాలి. రేడియేటర్ మట్టాన్ని మాత్రం మరో వారం పాటు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, రోజూ చూస్తూ ఉండండి.